ఏడాది పెత్తనము



భీమడోలు నుండి ద్వారకా తిరుమలకు పోవు దారి మీలో అనేకులు ఎరిగినదే. అచ్చటి దేవస్థానమున కల్యాణోత్సవము ఏటికి రెండు మారులు, వైశాఖమందు ఒకసారి, ఆశ్వయుజమందు ఒకసారి జరుగుట ఆచారము. వైశాఖపు ఎండలో కాలినడకను, బస్సులలోను, ఆటోలలోను వచ్చు జనమునకు దాహము తీర్చుటకై దారి ప్రక్కన చలివేంద్రములు వెలయును. దాహమునకు మతము లేదు గనుక వాటిని చూచినప్పుడెల్ల నాకు సంతోషమే కలుగును.

ఒక సంవత్సరము నేను ఆ దారిని పోవుచు రెండు చలివేంద్రముల యొద్ద ఆగితిని. మొదటి దానికి ఇంటి గోడంత ఫ్లెక్సీ కట్టబడి యుండెను. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, ఉపాధ్యక్షులు, వీరందరి ఫొటోలు దానిమీద ఉన్నవి. క్రింద బల్లమీద రెండు నీళ్ల డబ్బాలు, రెండును ఖాళీ. అప్పటికింకను ఉదయము పదకొండు గంటలే. అక్కడ కూర్చున్న కుర్రవానిని అడుగగా, "నీళ్లు ఎవరు పంపాలో నాకు తెలవదండి. ప్రెసిడెంటుగారికి ఫోను చేశానండి, ఎత్తట్లేదండి" అనెను.

మరి కొంత దూరము పోగా రెండవది కనబడెను. తాటాకు పందిరి, తడిగుడ్డ చుట్టిన కుండలు. నడివయస్సు గల ఒక స్త్రీ నీళ్లు ముంచి పోయుచుండెను. నేను త్రాగి, "మీ సంఘానికి అధ్యక్షులెవరమ్మా?" అని అడిగితిని. "ఈ ఏడు నేనేనండి. పోయిన ఏడు ఆయనండి" అని ఆమె పందిరి వెనుక గ్లాసులు కడుగుచున్న ఒక పెద్దమనిషిని చూపెను. ఆయన తల ఎత్తి నవ్వి, ప్రక్కనున్న యువకుని చూపుచు, "వచ్చే ఏడు ఈ అబ్బాయండి. అందుకే ట్యాంకరువాడితో బేరం వీడిచేతే ఆడిస్తున్నామండి" అనెను.

ఈ రెండు పందిళ్ల మధ్య దూరము అర మైలైనను లేదు. ఖర్చు చూడగా మొదటివారిదే అధికము. వారి మనస్సు చెడ్డదని నేననను. చెడ్డ మనస్సు గలవాడు ఎండలో నీళ్లు పోయవలెనని తలపెట్టడు. అయినను రెండవచోట ముగ్గురు అధ్యక్షులు, నిన్నటివారు నేటివారు రేపటివారు, ఒకే పనిలో నాకు కనబడిరి. మొదటిచోట ఒక్కరును కనబడలేదు, బొమ్మలు మాత్రము కనబడెను. ఈ భేదమును గూర్చియే నేడు మీతో కొంత ఆలోచింపగోరుచున్నాను.

జీతము తీసికొనువానిపై అధికారికి గల అధికారము ఎట్టిదో మనమెరుగుదుము. పని చేయనిచో జీతము ఆగును, లేదా ఉద్యోగము పోవును. తండ్రికి బిడ్డలమీద గల అధికారమును ఎరుగుదుము. కాని స్వచ్ఛంద సేవాసంఘములో అధ్యక్షునికి జీతము లేదు, సభ్యునికిని జీతము లేదు. ఆదివారము ఉదయము వైద్య శిబిరమునకు రానని సభ్యుడు చెప్పినచో అతనిని రప్పించు చట్టము ఏదియు లేదు. వచ్చినచో తన ఇష్టము చొప్పున వచ్చెను, పోయినచో తన ఇష్టము చొప్పున పోవును. అట్టిచోట పెత్తనమనగా ఏమి? అది ఎక్కడనుండి వచ్చును? దానిని ఒకరు మరియొకరికి నేర్పగలరా?

నేర్పగలమనియే సేవాసంఘములు తలంచుచున్నవి. రోటరీ, లయన్స్ సంఘములకు క్రొత్త సంవత్సరము జూలై 1వ తేదీన మొదలగును. అంతకు ముందుగానే, ఎన్నికైన అధ్యక్షులను కార్యదర్శులను కోశాధికారులను ఒకచోట కూర్చి శిక్షణ ఇత్తురు. మన పట్టణములలో ఇది ఏదో ఒక హోటలు హాలులోనో కల్యాణమండపములోనో జరుగును. అట్టి ఒక దినమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని పిలిచిరి. నేను ముందుగా పోయి వెనుక వరుసలో కూర్చుండి వినుచుంటిని. సభకు ముందు చర్చించు విషయముల పట్టిక ఎట్లు వ్రాయవలెను, కోరమనగా ఏమి, మినిట్సులో ఏమి ఉండవలెను ఏమి ఉండకూడదు, బడ్జెటు ఎట్లు వేయవలెను, పై వారికి నివేదిక ఎప్పుడు పంపవలెను, ఇవి అక్కడి పాఠములు.

ఇట్టి శిక్షణను చూచి నవ్వు భక్తులు కొందరున్నారు. "ప్రేమ ఉంటే చాలదా? సేవకు కాగితములెందుకు?" అని వారందురు. సోదరులారా, చాలదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని అనేక పేటలను ముంచినప్పుడు చుట్టుప్రక్కల పట్టణములనుండి ఎందరో దయగలవారు అన్నపు పొట్లములు, నీళ్ల సీసాలు తీసికొని పరుగెత్తిరి. వారి ప్రేమ నిజమైనదే. అయినను పెద్ద దారికి దగ్గరగా ఉన్న వీధులకు పొట్లముపై పొట్లము అందుచుండగా, లోపలి వీధులవారు మేడలమీద నిలిచి ఎదురుచూడవలసి వచ్చెను. ఎవరు ఏ వీధికి పోవలెనో ముందుగా వ్రాసికొన్న కాగితము ఒకటి ఉన్నచోట ఆ లోపలి వీధి ఇల్లాలికి కూడ అన్నము అందెను. ఆ బుడమేరు నీరే దిగువకు మన కొల్లేటికి వచ్చును గనుక ఈ సంగతి మన ప్రాంతమువారు బాగుగా జ్ఞాపకముంచుకొనవలెను. లెక్క తెలియని ప్రేమ దగ్గరివానికే అందును.

కావున ఆ పాఠములను నేను గౌరవింతును. వాటిలో డబ్బును గూర్చిన పాఠమును మరి ఎక్కువగా గౌరవింతును. లయన్స్ సంఘముల నియమము ప్రకారము లెక్కలు రెండు విధములుగా ఉండవలెను. సభ్యులు కట్టిన చందాలతో నడుచు పరిపాలన ఖాతా ఒకటి, ప్రజలయొద్ద వసూలు చేసిన సొమ్ముతో నడుచు సేవాఖాతా వేరొకటి. ఆ వసూలు కార్యక్రమమునకు నేరుగా అయిన ఖర్చు పోగా, ప్రజలిచ్చిన సొమ్ము అంతయు ప్రజలకే చేరవలెను. దానిలోనుండి సంఘము తన విందునకు గాని, అధ్యక్షుని శాలువకు గాని, ఫ్లెక్సీకి గాని ఒక్క రూపాయియైనను తీయకూడదు. కంటి శిబిరమునకని కిరాణాకొట్టులో పెట్టిన డబ్బాలో కూలివాడు వేసిన పది రూపాయలు ఎవరివో ఆలోచించి చూడుడు. అవి అతనివి కావు, ఇచ్చివేసెను. సంఘమువియు కావు. చూపు మసకబారిన ఏ ముసలమ్మవో అవి. మధ్యనున్న కోశాధికారి వాటిని మోయువాడు మాత్రమే.

చెక్కుమీద రెండు సంతకములు, నెలకొకసారి బల్లమీద తెరచి పెట్టిన బ్యాంకు పుస్తకము, ఏడాది చివర బయటివానిచేత లెక్క తనిఖీ, ఇవి నమ్మకము లేనందున పెట్టిన ఏర్పాటులని కొందరు నొచ్చుకొందురు. "నన్ను అనుమానింతురా?" అని అడుగుదురు. మంచివాడు అట్లు అడుగకూడదు. పుస్తకము తెరచియుంచుట అతనికే రక్షణ. మన పల్లెలలో ఊరుమ్మడి సొమ్ము చేతబట్టి, ఒక్క రూపాయి తినకయే, లెక్క వ్రాయనందుచేత చచ్చువరకు అపనింద మోసిన పెద్దలను మీరు ఎరుగరా?

అయితే ఆ దినమున అంతయు విన్న తరువాత ఒక లోటు నాకు తోచెను. కుర్చీ ఎట్లు ఎక్కవలెనో, ఎక్కి ఎట్లు కూర్చుండవలెనో అందరును చెప్పిరి. ఎట్లు దిగవలెనో ఎవరును చెప్పలేదు. నా మట్టుకు నాకు ఈ శిక్షణయంతయు ఆ ఒక్కదానికొరకే అని తోచుచున్నది.

ఈ సంఘములను స్థాపించినవారి చరిత్రయే దీనికి సాక్ష్యము. 1905 ఫిబ్రవరి 23వ తేదీన అమెరికాలోని చికాగో నగరములో పాల్ హారిస్ అను న్యాయవాది మరి ముగ్గురితో కూడి రోటరీని మొదలుపెట్టెను. మొదటి అధ్యక్షుడు ఎవరు? ఆయన కాడు, సిల్వెస్టర్ షీల్ అను బొగ్గుల వ్యాపారి. పాల్ హారిస్ ఆ సంఘమునకు మూడవ అధ్యక్షుడు. లయన్స్ సంగతియు అట్టిదే. 1917లో అదే చికాగోలో మెల్విన్ జోన్స్ అను బీమా వ్యాపారి ఆ సంఘములను ఒకటిగా కూర్చెను. ఆయన 1961లో మరణించు వరకు దాని కార్యదర్శిగానే పనిచేసెను. అంతర్జాతీయ అధ్యక్షుడు ఎన్నడును కాలేదు. తాము నాటిన చెట్టు నీడలో మొదటి కుర్చీ తమకే వేసికొనవలెనని వారిద్దరికిని తోచలేదు. రోటరీ 1919లో కలకత్తాకును, లయన్స్ 1956లో బొంబాయికిని వచ్చెను. అక్కడనుండి ఊరూరికిని ప్రాకెను. ఇంత విస్తరించుటకు కారణములలో ఇదియు ఒకటని నేను నమ్ముచున్నాను.

వారి నియమములలో మరియొకటి గమనింపుడు. అధ్యక్షుని కాలము ఒక ఏడాది. తరువాత రావలసినవాడు ముందుగానే ఏర్పడి, పాలకమండలిలో కూర్చుండి పని చూచి నేర్చుకొనును. దిగినవాడును వెంటనే ఇంటికి పోడు, ఒక ఏడాది ఆ మండలిలోనే ఉండి అడిగినప్పుడు సలహా చెప్పును. అనగా ద్వారకా తిరుమల దారిలో నేను చూచిన ఆ ముగ్గురూ యాదృచ్ఛికముగా అక్కడ చేరలేదు. నియమమే వారిని అట్లు నిలుపగోరినది. ఎందరు నిలుచుచున్నారు అనునదే ప్రశ్న.

ఈ మాటలు ఇతరులకు బోధించుటకు ముందు నా తప్పు నేను ఒప్పుకొనవలెను.

నాకు 32 ఏండ్ల వయస్సున డెల్టాలోని ఒక గ్రామమున పనిచేయుచు అక్కడి యువకులతో కలిసి ఒక చిన్న సేవాసంఘము పెట్టితిమి. కూలికి పోవు పిల్లలకు రాత్రిబడి, పేదలకు మందులపెట్టె, వేసవిలో చలివేంద్రము, ఇవి మా పనులు. పేరునకు అధ్యక్షుడు వేరొకరు, కార్యదర్శిని నేను. పని అంతయు నేనే చేసితిని. బడి తాళపుచెవి నా జేబులో ఉండెను. మందులపెట్టె తాళపుచెవియు నా జేబులోనే ఉండెను. చందా పుస్తకము నా బల్లమీద, మినిట్సు నా చేతివ్రాతలో ఉండెను. ఒకప్పుడు ఒక యువకుడు లెక్క తాను వ్రాసెదనని అడిగి పుచ్చుకొనెను. వారములో రెండు తప్పులు చేసెను. నేను ఏమియు అనక నవ్వి, పుస్తకము మరల తీసికొంటిని. అది నా సహనమని అప్పుడు తలంచితిని. ఊరిలో అందరును, "అయ్యగారు ఉన్నారు గనుక నడుస్తోంది" అనిరి. ఆ మాట నా చెవులకు తియ్యగా ఉండెను.

ఐదేండ్లకు నాకు బదిలీ అయ్యెను. పూలదండలు వేసిరి. కొందరు కన్నీరు పెట్టుకొనిరి. మూడు నెలలలో రాత్రిబడి మూతపడెనని విని నేను ఆ యువకులను మనస్సులో నిందించితిని. నా అంత శ్రద్ధ వారికి లేదని నిశ్చయించుకొంటిని.

ఎన్నో ఏండ్ల తరువాత కైకలూరు బస్టాండులో, నాడు లెక్కలో రెండు తప్పులు చేసిన ఆ యువకుడే కనబడెను. ఇప్పుడు నలువది దాటినవాడు. కుశలప్రశ్నలైన తరువాత నేను ఉండబట్టలేక, "నేను వచ్చేశాక బడి నిలబెట్టలేకపోయారేమయ్యా?" అంటిని. అతడు కొంచెము సేపు ఊరకుండి, "ఎలా నిలబెడతామండి అయ్యగారూ? తాళంచెవి ఎప్పుడైనా మా చేతికిచ్చారా అండి?" అనెను. కోపముతో అనలేదు. నా సంచి అందుకొని బస్సులో పెట్టి, బస్సు కదలువరకు కిటికీ యొద్ద నిలిచియుండెను.

ఆ దినమున బస్సులో నేను తెలిసికొన్నది ఇది. నేను సేవ అనుకొన్నదానిలో సగము సేవ, సగము నా పేరు. ఐదేండ్లు ఆ పిల్లలకు అక్షరములు చెప్పితిని గాని, ఆ యువకులను మాత్రము పిల్లలుగానే ఉంచితిని. లెక్కలో రెండు తప్పులు చేయుటకు వారికి హక్కు ఇవ్వలేదు. తప్పు చేసి దిద్దుకొననివాడు నేర్చుకొనడు గదా. రాత్రిబడి మూతపడినది నేను పోయిన మూడు నెలలకు కాదు. ఆ పుస్తకమును తిరిగి తీసికొన్ననాడే అది సగము మూతపడెను.

మన గ్రంథమును ఎరిగినవారికి మోషే సంగతి జ్ఞాపకమునకు రాకమానదు. అరణ్యములో ప్రొద్దుననుండి సాయంకాలము వరకు జనుల తగవులన్నియు తానొక్కడే తీర్చుచుండగా, అతని మామ యిత్రో వచ్చి చూచి మందలించెను. పదిమందికొకడు, ఏబదిమందికొకడు, నూరుమందికొకడు, వేయిమందికొకడు చొప్పున అధిపతులను ఏర్పరచుమని సలహా చెప్పెను. ఇట్లే సాగినచో అల్లుడును అలసిపోవును, అతనియొద్ద నిలిచియున్న ప్రజలును అలసిపోవుదురు అని ఆ ముసలివాని భయము. ఒక్కడే మోయుటవలన మోయువాడు మాత్రమే కాక మోయబడువారును నలుగుదురని నేను నా బదిలీ తరువాత గాని గ్రహింపలేదు. యిత్రో మాట మోషే విని చేసెను. చివరకు యెహోషువకు పని అప్పగించి, నదికి ఇవతలనే తన ప్రయాణము ముగించెను. అతడు నడిపించిన జనము అతడు లేకయే నది దాటెను.

మన కాలమునుండియు ఒక దృష్టాంతము చూడుడు. 1985లో రోటరీవారు పోలియోను భూమిమీద లేకుండ చేయుటకు పూనుకొనిరి. 1995లో మన దేశ ప్రభుత్వము పల్స్ పోలియో కార్యక్రమమును మొదలుపెట్టెను. బడులలోను బస్టాండులలోను బల్లలు వేసి, బిడ్డల నోటిలో రెండు చుక్కలు వేసి, చిటికెనవ్రేలికి సిరా గుర్తు పెట్టిన ఆ ఆదివారములు మీకు జ్ఞాపకముండును. ఆరోగ్య కార్యకర్తలు, అంగన్‌వాడీ సోదరీమణులు, వారితో చేయి కలిపిన స్వచ్ఛంద సేవకులు ఇల్లిల్లును తిరిగిరి. దేశములో పోలియో సోకిన చివరి బిడ్డ 2011 జనవరిలో పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో కనబడెను. 2014 మార్చి 27వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థవారు మన దేశము చేరియున్న ఆగ్నేయాసియా ప్రాంతము పోలియో లేనిదని ప్రకటించిరి.

1985 మొదలుకొని 2014 వరకు 29 ఏండ్లు. ఏడాదికొకరు చొప్పున ఒక్కొక్క రోటరీ సంఘములో ఇంచుమించు 29 మంది అధ్యక్షులు మారియుందురు. వారిలో మొదటివాడు ఫలము చూడలేదు. నడుమనున్నవారు మొదలును చూడలేదు, తుదియును చూడలేదు. తమ వంతు చుక్కలు వేయించి, డబ్బాను తరువాతివాని చేతికిచ్చిరి. చివరివాడు ఇది నా కాలములో జరిగినదని చెప్పుకొనవచ్చును గాని నేను చేసితినని చెప్పజాలడు. ఇతర దేశములలో ఆ పని ఇంకను మిగిలియున్నది. అక్కడను ఎవరో అందుకొనవలెను. గొప్ప పనులన్నియు ఏడాది పెత్తనము కంటె పొడవైనవి. అందుచేతనే ఏడాది అధ్యక్షునికి అందించుట తెలియవలెను.

ఇక దీనికి ఎదురు పక్షమున నిలిచిన దృష్టాంతమును మనము కొల్లేటి గట్టుననే చూడవచ్చును. అది సేవాసంఘముల కథ కాదు, సహకార సంఘముల కథ. అయినను పాఠము ఒక్కటే. 1970 దశకములో ప్రభుత్వము కొల్లేటి మత్స్యకారులకును చిన్న రైతులకును సహకార సంఘములు ఏర్పరచి, చేపల చెరువులు త్రవ్వించి ఇచ్చెను. పేదవారు కలిసి బ్రదుకవలెనన్నదే ఆ ఏర్పాటు. కాలక్రమమున ఆ చెరువులలో అనేకము లీజుల రూపమున డబ్బుగలవారి చేతికి పోయెను. సంఘము పేరు సభ్యులది, చెరువు ఫలము మరియొకరిది అయ్యెను. 1999లో సరస్సు అయిదవ కాంటూరు వరకు అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2006లో దానిలోపలి చెరువుల గట్లను తెగగొట్టిరి. సరస్సునకు అది అవసరమే కావచ్చును; కాని ఆ గట్లు తెగిన దినమున మిగిలిన పేదవాని చేతిలో ఏమున్నది?

దీనికి కారణములు అనేకములు. పెట్టుబడి లేమి, అప్పు, పై ఒత్తిడి, ఇవన్నియు కలవు. అంతయు ఆ సంఘముల అధికారుల దోషమని నేననను. కాని సంఘమును రిజిస్టరు చేయుట తేలిక. దాని చివరి సభ్యుడు లేచి, "మన పుస్తకం ఒకసారి చదివి వినిపించండి" అని అడుగునట్లు చేయుట కష్టము. పైనున్న నలుగురికి మాత్రమే సంగతి తెలిసిన సంఘమును కొనుటకు నలుగురిని కొన్న చాలును. అందరికిని సంగతి తెలిసిన సంఘమును కొనుట కష్టము. నాయకునికి ఇచ్చు శిక్షణ అతనియొద్దనే ఆగిపోయినచో అది సంఘమును బలపరచదు.

"అయ్యా, ఏటేట అధ్యక్షుని మార్చినచో పని ఎట్లు సాగును? మంచివాడు దొరకినప్పుడు పదేండ్లు ఉంచుకొనుట మేలు గాదా?" అని మీలో ఒకరు అడుగవచ్చును. ఈ ప్రశ్నలో న్యాయమున్నది. క్రొత్తవాడు తప్పులు చేయును, కొంత సొమ్మును కొంత కాలమును వ్యర్థమగును. ఆ నష్టము నిజమైనదే, దానిని దాచను. అయినను ఒక్కని మీద ఆధారపడి నిలిచినదానిని ఆ ఒక్కని దానధర్మమనవచ్చును గాని సంఘమనరాదు. ఆ మంచివానికి జ్వరము వచ్చినప్పుడు పేదవాని మందు ఆగును. ఏటేట కొంచెము నష్టపడుట మేలా, ఒకనాడు అంతయు పోగొట్టుకొనుట మేలా?

మార్పు పేరునకు మాత్రమే జరుగుటయు కలదు. అధ్యక్ష పదవి బామ్మర్దికిచ్చి పుస్తకము తనయొద్దనే ఉంచుకొనువారున్నారు. ఎక్కువ విరాళమిచ్చినవానికే కుర్చీ అను అలవాటు అనేక చోట్ల కలదు. అట్లయినచో ఆ కుర్చీని అమ్మినట్లే. మరియొక సంగతి. లయన్స్ సంఘములు 1987 వరకును, రోటరీ 1989 వరకును స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనలేదు. సేవయే తమ పని అన్నవారు కూడ ఇంటి భారమంతయు మోయువారికి తాళపుచెవి ఇచ్చుటకు అన్ని ఏండ్లు తీసికొనిరి. మన ఊళ్లలో ఇంకను ఏ పేటవాడు, ఏ ఇంటివాడు అని చూచి పదవులిచ్చుట మానితిమా? శిబిరము ముగిసిన తరువాత కుర్చీలు ఎత్తిపెట్టువాడు, రోగుల పేర్లు తప్పు లేకుండ వ్రాయు టైలరు, ఎవరును చెప్పకయే వృద్ధురాలి చేయి పట్టి బస్సెక్కించు బడిపంతులమ్మ, వీరిలో రేపటి అధ్యక్షుని వెదకినవారెందరు?

కాబట్టి ఈ సంవత్సరము ఏదేని సంఘమున పదవి పుచ్చుకొనబోవు చదువరులారా, శిక్షణలో చెప్పిన పాఠములన్నియు శ్రద్ధగా నేర్చుకొనుడు. వాటితో పాటు ఈ పాతకాలపు మనిషి చెప్పు నాలుగు మాటలు కూడ మనస్సున ఉంచుకొనుడు. సభలో మీ అభిప్రాయము చివరను చెప్పుడు. అధ్యక్షుడు మొదట మాటలాడినచో ఇతరులు తలలూపుట మాత్రమే నేర్చుకొందురు. మౌనమును అంగీకారముగా వ్రాసికొనక, మౌనముగా ఉన్నవానిని పేరు పెట్టి పిలిచి అడుగుడు. మొదటి నెలలోనే ఒక ముఖ్యమైన పనిని మీకంటె చిన్నవానికి అప్పగింపుడు. అతడు రెండు తప్పులు చేసినప్పుడు ప్రక్కన కూర్చుండి దిద్దింపుడు గాని పుస్తకము తిరిగి తీసికొనకుడు.

పదవి లేని చదువరులును ఈ మాట తమకు కాదనుకొనవద్దు. ఇంటిలో తాళపుచెవులు ఎవరియొద్ద ఉన్నవి? కోడలికి ఇంటి లెక్క తెలియునా? కొట్టులో మీ తరువాతివానికి అప్పుల పుస్తకము తెలియునా? సంఘమందు, బడియందు, పొలమునందు, "నేను లేకపోతే ఇది నడవదు" అని మనము చెప్పుకొను ప్రతిచోటను ఒకసారి ఆగి ఆలోచింతము. ఆ మాటలో గర్వమెంత, మనము చేయక విడిచిన పని ఎంత?

కడవరి భోజనమునాడు మన ప్రభువు తువాలు కట్టుకొని, పళ్లెములో నీళ్లు పోసి శిష్యుల పాదములు కడిగెను. ఆ క్రియలో నాకు ఇప్పుడు మరియొక సంగతి కనబడుచున్నది. మరునాటినుండి పని వారిదే గనుక ఆయన వారికి పాదములు మాత్రమే కడుగలేదు. ఆ తువాలు వాడుట ఎట్లో కూడ చూపెను.

ద్వారకా తిరుమల దారిలో గ్లాసులు కడుగుచున్న ఆ పెద్దమనిషి పేరు నాకు తెలియదు, అడుగలేదు. ఆయన మతమేమో కూడ అడుగలేదు. ముందటి ఏడు ఫొటోలో నడుమ నిలిచినవాడు ఈ ఏడు పందిరి వెనుక కూర్చుండి, యువకుడు ట్యాంకరు బేరము అయిదారు రూపాయలు ఎక్కువకే కుదుర్చుకొన్నను నవ్వి ఊరకుండెను. ఆయనకు ఎవరు శిక్షణ ఇచ్చిరో గాని, ఆ శిక్షణ పూర్తియైనది. నా జేబులో ఇంకను ఒకటి రెండు తాళపుచెవులున్నవి. ఈ వ్యాసము ముగించి, వాటిని ఎవరికియ్యవలెనో చూచుకొనవలసియున్నది.